నాన్న తలకు ఫెల్ట్ టోపీ

మా నాన్న తలకు రుమాలు లేకుండా గడప దాటిన రోజు నాకు జ్ఞాపకం లేదు. రుమాలంటే జేబులో పెట్టుకునే చేతిగుడ్డ కాదు, మా అనంతపురం వైపు పెద్దవాళ్లు తలకు చుట్టుకునే పొడుగాటి తెల్లగుడ్డ. పొద్దున్నే మొహం కడుక్కుని, అద్దం జోలికి పోకుండా, నిలబడిన చోటే గబగబా చుట్టి కొస దోపేవాడు. చేనికి పోయినా అదే, పెళ్లికి పోయినా అదే. చెమట తుడుచుకోవాలన్నా, సంతలో శనక్కాయలు మూటగట్టాలన్నా, చెట్టు కింద కాసేపు తల వాల్చాలన్నా కూడా అదే. అమ్మ పోయాక ఆయన మణికొండలో మా ఫ్లాట్‌కు వచ్చాడు. ఆయనతో పాటు ఒక ట్రంకు పెట్టె, దాని నిండా రుమాళ్లు వచ్చాయి.

ఇక్కడికొచ్చి కుదురుకోలేడేమో అని నేను ఊరికే కంగారుపడ్డాను. నెల తిరక్కుండానే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరున్న సిమెంటు బెంచీ ఆయన సొంతమైపోయింది. రెండో అంతస్తులో కొడుకు దగ్గర ఉండే పాలమూరు పెద్దాయన ఒకరు దానిలో సగం పంచుకునేవారు. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. మా నాన్నను 'పటేలా' అనేవారు. మా నాన్న ఆయన్ను 'డ్రైవరూ' అనేవాడు. సాయంత్రం నేను ఆఫీసు బస్సు దిగేసరికి ఇద్దరూ నీటి ట్యాంకరు వెనక్కి వస్తుంటే డ్రైవరుకు సలహాలిస్తూ కనబడేవాళ్లు. ఎవరూ అడగని సలహాలు.

అలా ఉండగా నాన్న నడినెత్తి మీద ఒక పుండు లేచి, ఎంతకూ మానలేదు. పరీక్ష చేసి, కోసి తీసేయాలన్నారు. తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికించారు. చెడ్డ భాగమంతా పోయింది, భయం లేదన్నారు. మేమంతా దేవుడికి దండం పెట్టుకున్నాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాటే మా ఇంట్లో చిచ్చు పెట్టింది.

"రుమాలు ఇక మర్చిపోండి. ఒరుసుకుంటే కొత్త చర్మం లేచిపోతుంది. ఎండ కూడా తగలకూడదు. నెత్తికి తగలకుండా, వెడల్పు అంచున్న టోపీ ఏదైనా పెట్టుకుని రోజూ నడవండి. నడవకపోతే చర్మం తీసిన కాలు బిగుసుకుపోతుంది."

నాన్న తలూపాడు. ఇంటికొచ్చాడు. ఆ తర్వాత గుమ్మం దాటలేదు.

ఆయన లెక్క ఆయనకుంది. మా వైపు మగవాళ్లు పదిమందిలో రుమాలు తీసేది ఒక్క శవం ముందరే. తీసి భుజాన వేసుకుని, వట్టి తలతో నిలబడతారు. "బతికుండే మనుషుల ముందర వట్టి తలతో ఎట్ల నిలబడేది పాపా? వాళ్లకు కీడు కోరినట్లుంటాది" అన్నాడు. మణికొండలో ఎవరికి తెలుసు నాన్నా ఈ సంగతి అన్నాను. "నాకు తెలుసు గదా" అన్నాడు. 

నేను టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో కనిపెట్టి, బాగయ్యేదాకా వదలకపోవడం నా ఉద్యోగం. అదే బుద్ధి ఇంట్లో కూడా చూపిస్తానని మా ఆయన దెప్పుతుంటాడు. ఫోనులో ఆర్డర్ పెట్టిన పావుగంటకే ఒక మంకీ క్యాప్ వచ్చింది. "నాకేం జలుబు చేసిందా?" అన్నాడు నాన్న. మా ఆఫీసులో పంచిన టోపీ ఇచ్చాను, ముందు కంపెనీ గుర్తు ఉన్నది. "మీ కంపెనీకి నన్ను వాచ్‌మన్‌గా పెట్టినావా?" అన్నాడు. క్రికెట్ అంపైర్లు పెట్టుకునే తెల్ల గుడ్డటోపీ తెచ్చాను. దాన్ని తలమీద పెట్టుకుని, చేతులు రెండూ పైకెత్తి సిక్సర్ చూపించి, తీసి నా ఒళ్లో పడేశాడు. నాకు నవ్వు, కోపం కలిసి వచ్చాయి.

కానీ పరిస్థితి నవ్వులాటగా లేదు. కుంటుతూ బాత్రూముకు పోయి రావడమే ఆయన నడక అయింది. అన్నం తగ్గించాడు. మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుంటే సాయంత్రం దీపాలు వేసినా లేచేవాడు కాదు. పుండు తీసేసి బతికించుకున్న మనిషి, ఒక గుడ్డముక్క లేదని మా కళ్లముందే మంచానికి అంటుకుపోతాడేమో అని నాకు నిజంగా భయం వేసింది.

పాలమూరు పెద్దాయన ఒకరోజు లిఫ్టు పనిచేయకపోయినా కింది బెంచీ నుంచి నాలుగంతస్తులు ఎక్కి వచ్చారు. గసపోసుకుంటూ కుర్చీలో కూలబడి, "ఏంది పటేలా, ఇగ కిందికి రావా? ఒక్కడినే కూసుంటే బెంచీ సుత నన్ను గుర్తువడ్తలేదు" అన్నారు. నాన్న దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు. "వస్తాలే డ్రైవరూ, పుండు ఆరనీ" అన్నాడు. పుండు ఆరిపోయి అప్పటికే చాలా రోజులైంది.

మా ఆఫీసు కింది అంతస్తులో అప్పుడప్పుడు చేతిపనుల వాళ్లు బల్లలు వేసుకుని అమ్ముతుంటారు. చెవిపోగులు, కొవ్వొత్తులు, మొక్కలు. ఈసారి ఒక బల్ల మీద ఫెల్ట్ టోపీలు, తోలు బెల్టులు, పర్సులు పెట్టారు. ఫెల్ట్ అంటే నేసిన గుడ్డ కాదు. ఉన్నిని తడిపి, నలిపి, ఒత్తి, మందంగా అట్టలాగా చేస్తారు. మా టీమ్ పిల్లలు గోవా ప్రయాణం పెట్టుకున్నారేమో, అవి తలా ఒకటి పెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. అమ్మే ఆవిడ భీమవరం వైపు మనిషి. మొన్నటిదాకా మాలాగే సాఫ్ట్‌వేరులో ఉండి, ఉద్యోగం మానేసి గచ్చిబౌలిలో చిన్న గది తీసుకుని ఈ పని పెట్టుకుంది.

"పెద్దది ఏదైనా ఇవ్వండి, మా నాన్నకు" అన్నాను.

"అలా కుదరదండి. నుదుటి మీంచి, చెవుల పైనుంచి చుట్టుకొలత కావాలండి" అందావిడ. నేను నాన్న తల సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ ఒక టోపీని తిరగేసి లోపల చూపించింది. అంచు చుట్టూ లోపలివైపు పలచటి తోలు పట్టీ కుట్టి ఉంది. "ఇదేనండి మీకు కావలసింది. టోపీ బరువంతా ఈ పట్టీ మీద, అంటే నుదురు చుట్టూ నిలబడుతుంది. పైభాగం ఎత్తుగా పెట్టి సొట్టలు లేకుండా చేస్తే నడినెత్తికి ఏమీ తగలదు. గాలి ఆడుతుంది."

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నాన్న నిద్రలో ఉన్నాడనుకుని పూలదారం తీసుకుని నెమ్మదిగా తలచుట్టూ తిప్పుతున్నాను. కళ్లు తెరవకుండానే, "ఏం పాపా, సమాధికి కొలతలు తీస్తాండావా?" అన్నాడు.

"నోరు మూసుకుని పడుకో నాన్నా" అన్నాను. కొలత మాత్రం తీసుకోనిచ్చాడు.

గచ్చిబౌలిలో ఆవిడ గదికి ఆ దారం పట్టుకుని వెళ్లాను. గోడవారగా కొయ్యతో చేసిన తలల అచ్చులు, వాటి మీద రంగురంగుల టోపీలు. రంగు ఎంచడానికి నాకు చాలాసేపు పట్టింది. తెలుపు మాసిపోతుంది. నలుపు ఆయన ముట్టుకోడు. చివరికి ఏ రంగూ వేయని, గొర్రె ఒంటి మీద ఎలా ఉందో అలాగే ఉన్న బూడిద గోధుమ రంగు ఉన్ని తీసుకున్నాను. ఆవిడ దాన్ని ఆవిరి మీద పట్టి, మెత్తబడగానే అచ్చుకు తొడిగి, పైభాగం గుండ్రంగా వచ్చేలా అరచేతులతో సాగదీసింది. అంచు ముందువైపు కొంచెం కిందికి వంచింది, కళ్లకు ఎండ పడకుండా. వెనకవైపు పైకి తిప్పింది, కుర్చీలో వెనక్కి వాలినా అడ్డం రాకుండా. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

టోపీ ఇంటికొచ్చింది. నాన్న చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాడు. వేళ్లతో నలిపి చూశాడు. "గొర్రెబొచ్చే ఇది. గొంగడి మాదిరే ఉండాది" అన్నాడు. గొంగడి అంటే ఉన్నితో చేసిన మొరటు కంబళి. వానలో గొర్రెలకాపరులు దాన్నే నెత్తి మీంచి కప్పుకుంటారని, తడిస్తే బరువెక్కుతుంది గానీ చుక్క నీరు లోపలికి దిగనివ్వదని ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ఎన్ని రోజులకో ఆయన గొంతులో ఆ ఊపు విన్నాను. ఇక పని అయిపోయినట్టే అనుకున్నాను.

అప్పుడు టోపీని తిరగేశాడు. బొటనవేలు లోపలి పట్టీకి తగిలింది. గభాలున చెయ్యి తీసేశాడు.

"ఇది తోలు."

"అవును నాన్నా."

"తోలు కాళ్లకేసుకునేది. నెత్తికి పెట్టుకోమంటావా? పొద్దున లేచి బొట్టు పెట్టుకునే నుదుటికి తోలు ఆనించుకోమంటావా? నీ టోపీ నువ్వే పెట్టుకో." అని మంచం మీద పడేసి అటు తిరిగి పడుకున్నాడు.

 నువ్వు కట్టుకునే గడియారానికి పట్టీ తోలుది కాదా అని అడిగాను. చెయ్యి వేరు, తల వేరు అన్నాడు. గుడిలో ఊరేగింపుకు కొట్టే డోలు తోలుది కాదా అని అడిగాను. దాన్ని దేవుడి నెత్తిన పెట్టరు కదా అన్నాడు. వాదనలో ఆయన్ను గెలిచినవాళ్లు మా ఇంటావంటా లేరు. బాల్కనీలోకి పోయి టోపీలావిడకు ఫోన్ చేసి ఆ పట్టీ పీకేయవచ్చా అని అడిగాను. "పీకేస్తే టోపీ వదులై నెత్తి మీదికి దిగిపోతుందండి. అతుకు వేసిన చోటే ఆనుతుంది" అంది.

కాసేపు అక్కడే నిలబడి కింద బెంచీ వైపు చూశాను. పాలమూరు పెద్దాయన ఒక్కరే కూర్చుని వాచ్‌మన్‌తో ఏదో చెబుతున్నారు. లోపలికొచ్చి నాన్న ట్రంకు పెట్టె తెరిచి, ఉతికి ఉతికి మెత్తబడిన రుమాలు ఒకటి తీసి, నిలువునా చర్రున చింపాను. ఆ చప్పుడుకు నాన్న లేచి కూర్చున్నాడు.  ఆ పీలికను రెండు మడతలు వేసి, తోలు పట్టీ ఎక్కడా కనబడకుండా చుట్టూ కప్పి కుట్టాను. తోలులోకి సూది దిగక రెండు సూదులు విరిగాయి. నేను తిట్టుకుంటూ కుడుతుంటే ఆయన మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడు నుదుటికి తగిలేది నీ రుమాలే" అని చేతికిచ్చాను.

లోపల వేలు పెట్టి చుట్టూ తడిమి చూసుకున్నాడు. తలమీద పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకోలేదు. గోడ పట్టుకుని నడుస్తూ లిఫ్టు దాకా పోయాడు. నేను తోడు వస్తానంటే, "నువ్వెందుకు, నీ పని చూసుకో" అన్నాడు. బాల్కనీలోంచి తొంగి చూశాను. నాన్నను చూడగానే పాలమూరు పెద్దాయన లేచి నిలబడ్డారు. నాలుగంతస్తుల పైకి కూడా ఆయన గొంతు వినబడింది.

"వారెవ్వా పటేలా! దొరలెక్క మస్తుగున్నవ్ గదనే! జర నాకియ్యి, నేను సుత పెట్టుకుంట."

"నాది కాదప్పా, మా పాపది. డాక్టరు పెట్టుకోమన్నాడని పెట్టుకున్యా" అన్నాడు నాన్న. అని, టోపీ తీయకుండానే పక్కన కూర్చున్నాడు. నేను బాల్కనీలోనే చీరకొంగుతో కళ్లు తుడుచుకున్నాను. సంతోషంతోనే.

ఆ రోజు నుంచి రోజూ దిగాడు. కాలు సాగింది, అన్నం పెరిగింది, ట్యాంకర్లకు సలహాలు మళ్లీ మొదలయ్యాయి. కానీ టోపీని మాత్రం ఎన్నడూ తనదనలేదు. "నీ టోపీ సోఫా మీద ఉండాది, తీసి పెట్టు." "నీ టోపీకి దుమ్ము పట్టింది చూడు." రుమాలైతే తన చేత్తోనే ఉతికి ఆరేసుకునే మనిషి, టోపీకి బ్రష్ వేసే పని నాకే వదిలేశాడు. తల ఆయనది, టోపీ నాది. డాక్టరు మాట కోసం రెండూ కలిసి కాలం వెళ్లదీస్తున్నాయి, అంతే.

వానాకాలం మొదట్లో ఒకరోజు తెల్లారి పాలమూరు పెద్దాయన నిద్రలోంచి లేవలేదు. కబురు వాచ్‌మన్ తెచ్చాడు. అపార్ట్‌మెంట్లలో అంతకన్నా చోటు ఎక్కడ దొరుకుతుంది, సెల్లారులో రెండు కార్లు పక్కకు తీసి అక్కడ పడుకోబెట్టారు. నాన్న ధోవతి మార్చుకుని, టోపీ పెట్టుకుని దిగాడు. నేను వెనకాలే వెళ్లాను.

సెల్లారు నిండా జనం. మా బ్లాకువాళ్లు, ఎదురు బ్లాకువాళ్లు, పాలమూరు నుంచి వచ్చిన బంధువులు. నాన్న వాళ్ల మధ్యలోంచి నడిచి తలవైపు నిలబడ్డాడు. టోపీ తీశాడు. రుమాలైతే భుజాన వేసుకునేవాడు. టోపీ భుజం మీద నిలవదు కనుక చంకలో పెట్టుకున్నాడు. నడినెత్తి మీద అరచేయంత మేర, వెంట్రుక లేకుండా, నున్నగా, వేరే రంగులో ఉన్న అతుకు అందరికీ కనబడుతోంది. ఇన్ని నెలలు దుప్పటి కింద, టోపీ కింద దాచుకున్నది అదే. ఎవరూ దానివైపు చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే. నాన్న వంగి, "పోయిరా డ్రైవరూ" అన్నాడు.

అంతటితో పైకి వస్తాడనుకున్నాను. శ్మశానానికి పోయే వ్యాన్ ఎక్కాడు. నాకు క్లయింట్‌తో కాల్ ఉండి పైకొచ్చాను. ఆయన తిరిగి వచ్చేసరికి ఇంకో కాల్‌లో ఉన్నాను. తలుపు తీసి, ఏమీ తాకకుండా తిన్నగా వెనక బాత్రూముకు పోవడం మాత్రం చూశాను. చావింటికి పోయివచ్చినవాళ్లు ఒంటి మీది బట్టలన్నీ నానబెట్టి, తలమీంచి స్నానం చేసి గానీ ఇంట్లో తిరగకూడదు. అది కొత్త సంగతి కాదు కనుక నేను పట్టించుకోలేదు.

కాల్ అయ్యాక బాత్రూములో బకెట్ చూశాను. ధోవతి, చొక్కా, వాటి మీద సర్ఫు నురుగు. నురుగులో నుంచి తడిసి ముద్దయిన టోపీ అంచు పైకి తేలుతోంది.

"నాన్నా! టోపీని ఎవరైనా నానబెడతారా? ఇది నీళ్లలో వేసేది కాదని ఎన్నిసార్లు చెప్పాను?" అని అరిచాను. చావు జరిగిన రోజని కూడా చూడలేదు. గిన్నెలో పిండిముద్దలాగా మెత్తబడిపోయింది. లోపలి తోలు పట్టీ ముడతలు పడి, కుట్లు ఊడి వేలాడుతోంది. నా బాధ టోపీ కోసం కాదు. బెంచీ మీద ఆయన కోసం కాచుకునే మనిషి పోయాడు. దిగి పోవడానికి ఉన్న ఒక్క టోపీ కూడా పోయింది. మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈసారి నేను లేపలేను.

నాన్న తలతుడుచుకుంటూ బయటికొచ్చి, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశాడు. "మైలబట్ట నానబెట్టకుండా యాడ పెట్టేది? ఒంటి మీదిది ఒంటి మీదిదే గదా" అన్నాడు.

టోపీలావిడకు ఫోన్ చేశాను. "పిండకండి. ఎండలో పెట్టకండి. తలకు సరిపోయే గుండ్రటి దేనికైనా తొడిగి నీడన ఆరనివ్వండి. లేకపోతే చిన్నదైపోతుందండి" అంది. వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ దింపాను. అన్నం గిన్నె పెద్దది. పాలగిన్నె చిన్నది. కుక్కరు మీదికి సగం ఎక్కి ఆగిపోయింది. మా ఆయన హెల్మెట్ తెస్తే అది అంతకంటే అన్యాయం. నేలమీద గిన్నెల మధ్య కూర్చుని చెమటలు కక్కుతుంటే నాన్న వచ్చి పైన నిలబడ్డాడు.

"తల ఈడ ఉండంగా గిన్నెలెందుకు?"

నా చేతిలోంచి టోపీ లాక్కుని, రెండు చేతులతో సాగదీసి, తలకు తొడుక్కుని బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెవుల వెనకనుంచి చొక్కా కాలరులోకి నీళ్లు కారుతున్నాయి. జలుబు చేస్తుందన్నాను. వినలేదు. ఇల్లంతా తడిసిన గొర్రెలమంద వాసన. పొద్దువాలేదాకా కదలకుండా, నడుమ నడుమ అంచును వేళ్లతో వంచుకుంటూ, కింద ఎవరూ లేని బెంచీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను టీ ఇస్తే తాగాడు. ఒకసారి, "మంచోడు" అన్నాడు. 

మర్నాటికి టోపీ ఆరింది. మునుపటి అందం లేదు. అంచు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి దోసె అంచులాగా లేచింది. తోలు పట్టీ ఎండి బిరుసెక్కింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న హాల్లో కూర్చుని ఆముదం సీసా పక్కన పెట్టుకుని, గుడ్డముక్కతో కాదు, వేలితోనే ఆ పట్టీకి నూనె రాస్తున్నాడు. నా చిన్నప్పుడు చేనికి వేసుకునే చెప్పులకు అలాగే రాసేవాడు. రాయడం అయ్యాక ట్రంకు పెట్టె తెరిచి కొత్త రుమాలు ఒకటి తీసి, నిలువునా చింపి, పీలిక నాకిచ్చాడు.

"కుట్టియ్యి. పొద్దుగూకతాండాది" అన్నాడు.

ఊడిన పట్టీని మళ్లీ బిగించి, దాని మీద పీలిక కుట్టిచ్చాను. పెట్టుకుని దిగాడు. కూరగాయలు కావాలని అబద్ధం చెప్పి నేనూ వెనకే దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్ను చూసి, "గిదేంది పెద్దాయనా, మీ పాప టోపీ గిట్ల వంకరయ్యింది?" అన్నాడు.

నాన్న బెంచీ మీద తన సగంలోనే కూర్చుని, వాచ్‌మన్‌ను పక్కన కూర్చోమని చేయి చూపించాడు.

"పాపది కాదప్పా, నాదే" అన్నాడు.